డీజిల్ పికప్ స్లోలో వణుకుతోందా? నాజిళ్ళు విప్పించే ముందు ఈ వరసలో చూడండి

"బండి స్టార్ట్ అవుతోందండీ, కానీ స్లోలో పెడితే క్యాబిన్ అంతా ఊగిపోతోంది. కాస్త రేస్ చేస్తే సర్దుకుంటోంది. ఏం పోయి ఉంటుంది?" భీమవరం, ఆకివీడు వైపు మేత బస్తాలు, ఐస్ బాక్సులు తోలేవాళ్ళ నుంచి అంబాజీపేట వైపు కొబ్బరి లోడు వేసేవాళ్ళ దాకా అందరూ అడిగేది ఇదే. స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం, నాజిల్ అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు. అడిగేసరికే చాలామంది నాజిళ్ళు మార్పించేసి ఉంటారు. డబ్బు పోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన గోదావరి డెల్టాలో ముందు అనుమానించాల్సింది నీళ్ళని. డీజిల్లో చేరిన నీళ్ళు, ఉప్పు గాలికి తుప్పు పట్టిన పైపులు, పచ్చగా మారిన కనెక్టర్లు. ఇవన్నీ చూశాకే నాజిళ్ళ మీద చెయ్యి వెయ్యాలి. కింద రాసిన వరస తక్కువ ఖర్చుతో మొదలై ఎక్కువ ఖర్చు వైపు వెళ్తుంది. మధ్యలో ఒక మెట్టు వదిలేసి ముందుకి దూకకండి.

ముందు మీ ఇంజన్ ఏ రకమో తెలుసుకోండి

ఒక్కో నాజిల్ తల మీద వైర్ల కనెక్టరు ఉండి, ఇంజన్ పక్కన పొడుగ్గా లావుపాటి స్టీలు గొట్టం ఉంటే అది కామన్ రైల్, అంటే ఆ ఒక్క గొట్టంలోంచే ఎక్కువ ప్రెషర్‌తో అన్ని నాజిళ్ళకీ డీజిల్ అందే రకం. నాజిళ్ళకి వైర్లే లేకుండా పంపు నుంచి ఒక్కోదానికి ఒక్కో సన్న స్టీలు పైపు నేరుగా వెళ్తే అది పాత మెకానికల్ పంపు రకం. ఈ తేడా ప్రాణానికి సంబంధించినది, ఎందుకో 7వ మెట్టులో చెప్తాను.

ఇంకో సంగతి. మొదట్లో వచ్చిన టాటా ఏస్ డీజిల్ రెండు సిలిండర్ల బండి, అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్లది, బొలెరో పికప్ నాలుగు సిలిండర్లది. సిలిండర్లు తగ్గేకొద్దీ స్లోలో కాస్త ఊపు సహజంగానే ఉంటుంది. ఏస్ నడిపేవారు పక్కింటి బొలెరోతో పోల్చుకుని కంగారు పడక్కర్లేదు. మీ బండి ఆరు నెలల కిందట ఎలా ఉండేదో దానితో పోల్చండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- లీటరు పట్టే గాజు సీసా, ఖాళీది, బాగా ఆరినది
- మీ మోడల్‌కి సరిపడే కొత్త డీజిల్ ఫిల్టరు, దాని రబ్బరు రింగులతో సహా
- 10 నుంచి 19 నంబరు దాకా పానాలు, స్క్రూడ్రైవరు
- డీజిల్ తట్టుకునే పారదర్శక గొట్టం ఒక అడుగు, రెండు క్లిప్పులు
- మల్టీమీటరు, టార్చిలైటు, అట్టముక్క, చేతి తొడుగులు, కళ్ళద్దాలు
- మూతపడే క్యాన్‌లో బంకు నుంచి తెచ్చిన అయిదు లీటర్ల మంచి డీజిల్

ఇంజన్ కంప్యూటర్‌ని చదివే స్కానరు ఉంటే మంచిదే. లేకపోయినా మొదటి ఆరు మెట్లూ నడుస్తాయి.

జాగ్రత్తలు

బండిని ఆరుబయట, గట్టి నేల మీద పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. లుంగీ కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని తిరిగే ఇంజన్ మీదకి వంగకండి. ఫ్యాన్ బెల్టు ఒక్క క్షణంలో లాగేస్తుంది.

కామన్ రైల్ పైపుల్లో స్లోలోనే 250, 300 బార్ ప్రెషర్ ఉంటుంది. లోడు మీద 1,600 బార్ దాకా వెళ్ళే సిస్టమ్‌లు ఉన్నాయి. మీ టైర్లలో ఉండేది నాలుగు బార్ చుట్టుపక్కలే. అంత ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తెలియకపోవచ్చు. అలా జరిగితే కట్టు కట్టుకుని ఇంటికి వెళ్ళకండి. వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళి "హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయింది" అని చెప్పండి. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు. లీకు వెతకడానికి వేలు పెట్టకండి, అట్టముక్క అడ్డం పెట్టండి. ఇంజన్ ఆపాక కూడా ఆ పైపుల జోలికి వెళ్ళే ముందు పది నిమిషాలు ఆగండి.

1. ఎప్పుడు వణుకుతోందో రాసుకోండి

పొద్దున్నే మాత్రమేనా, రోజంతానా? డీజిల్ కొట్టించాక మొదలైందా? ట్యాంకు సగానికి తగ్గాకే వస్తోందా? వాన నీళ్ళలోంచో, కాజ్‌వే మీంచో వెళ్ళాక వచ్చిందా? ఫోనులో సైలెన్సరు శబ్దం, పొగ వీడియో తీసి పెట్టుకోండి.

పొగ రంగు చాలా చెప్తుంది. కళ్ళు మండించే తెల్ల పొగ అంటే డీజిల్ కాలకుండానే బయటికి వస్తోంది. తెల్ల పొగతో పాటు రేడియేటర్లో నీళ్ళు కూడా తగ్గుతుంటే ఇక బండి నడపకండి, హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద ఉండే సీలు) చూపించాలి. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలం పొగ ఇంజన్ ఆయిలు కాలుతున్న గుర్తు.

పొద్దున్నే తెల్ల పొగ చూడగానే కొందరు గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్ని వేడి చేసేవి) మార్చేస్తారు. మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప ఇంజన్‌కి ఇబ్బంది పెట్టేంత చలి ఎక్కడుంది? ఎండాకాలంలోనూ పొద్దున్నే వణికి, తర్వాత సర్దుకుంటే, రాత్రంతా లైన్లోకి గాలి దూరి డీజిల్ వెనక్కి జారిందేమో ముందు చూడండి. అది 4వ మెట్టు.

2. ఫిల్టరు అడుగు నుంచి డీజిల్ తీసి చూడండి

బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందే ఈ పని చేయండి. ఫిల్టరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూని రెండు చుట్లు వదులు చేసి, గాజు సీసాలోకి పావు లీటరు పట్టండి. రాకపోతే పైనున్న హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) నాలుగుసార్లు నొక్కండి. సీసాని పావుగంట కదపకుండా ఉంచండి.

డీజిల్ నీళ్ళ కంటే తేలిక. కాబట్టి నీళ్ళుంటే అడుగున వేరే పొరగా, మధ్యలో స్పష్టమైన గీతతో కనిపిస్తాయి. మొత్తం మసకగా, మజ్జిగ తేటలా ఉంటే నీళ్ళు కలిసిపోయి ఉన్నట్టు. ఇంకాసేపు ఆగితే విడిపోతాయి. అడుగున నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకులో నాచులాంటిది పెరుగుతోంది. నీళ్ళూ డీజిలూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి ఆ జిగురు తయారవుతుంది.

చెంచాడు నీళ్ళే వస్తే, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, స్క్రూ బిగించి, రెండు రోజులు నడిపి మళ్ళీ పట్టి చూడండి. రెండోసారీ వస్తే ట్యాంకు దించాల్సిందే. ట్యాంకు కడగకుండా ఫిల్టర్లు మారుస్తూ పోతే ప్రతి ఫిల్టరూ నెల తిరక్కుండా పోతుంది. జిగురు ఉన్న ట్యాంకు కడిగించాక వారంలో ఇంకోసారి ఫిల్టరు మార్చండి. పైపుల్లో మిగిలిన చెత్త అంతా అందులోకే వస్తుంది.

మరి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? బంకునే తిట్టే ముందు మీ డ్రమ్ము చూడండి. చెరువుల మీద జనరేటరుకి తెచ్చి పెట్టుకున్న డ్రమ్ము డీజిల్‌నే బండిలోనూ పోయడం మన దగ్గర మామూలే. నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ వాన నీరు నిలుస్తుంది. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు లోపలికి లాగుకుంటూ ఆ నీటిని కూడా మూత మరల గుండా పీల్చుకుంటుంది. మూత గట్టిగా బిగించినా ఇలా జరగొచ్చు. అందుకే డ్రమ్ముని నీడలో, కాస్త ఒరిగేట్టు, మూత దగ్గర నీరు నిలవకుండా ఉంచండి. వాడే ముందు ఒక రోజు కదపకండి. అట్టడుగు నాలుగు అంగుళాల డీజిల్ బండికి పోయకండి. తోడే గొట్టం అడుగుకి తగలకుండా కట్టండి.

రాత్రిళ్ళు ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే లోపలి తేమ గోడలకి పట్టి నీళ్ళవుతుంది. సాయంత్రమే నింపే అలవాటు ఇక్కడి గాలికి మంచిది. డీజిల్ కల్తీ అని అనుమానం వస్తే బంకులో డెన్సిటీ చూపించమని అడగండి. అది మీ హక్కు, వాళ్ళ దగ్గర కొలిచే పరికరం, రిజిస్టరు ఉండాలి.

3. ఫిల్టరు మార్చి, గాలి తీయండి

పాత ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు పైన ఫిల్టరు బిగించే హెడ్‌కే అంటుకుని ఉండిపోవచ్చు. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు పడి గాలి లాగుతుంది. ఫిల్టరు మార్చాక వణుకు ఎక్కువైందని చెప్పేవాళ్ళు మొదట ఇదే చూడాలి.

కొత్త ఫిల్టరులో క్యాన్‌లోంచి డీజిల్ నింపి బిగించడం పాత అలవాటు. కామన్ రైల్ బండికి అలా చేయకండి. వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకి, నాజిళ్ళలోకి పోతుంది. ఖాళీగా బిగించి, గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండుగా డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ నొక్కండి. నొక్కి పట్టుకునే స్క్రూ బిగించండి. తర్వాత ప్రైమర్ గట్టిపడేదాకా ఇంకొంచెం నొక్కి సెల్ఫ్ కొట్టండి. ఒకసారికి పది సెకన్లకు మించొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. గాలి ఉండగా అదేపనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీతో పాటు హై ప్రెషర్ పంపు కూడా దెబ్బతింటుంది. ఆ పంపుకి డీజిలే కందెన.

ప్రైమర్ లేని బండి అయితే తాళం ఆన్ చేసి అర నిమిషం ఉంచి ఆఫ్ చేయడం అయిదారుసార్లు చేయండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే అదే నింపుతుంది.

4. లైన్లో గాలి దూరుతోందేమో చూడండి

ఫిల్టరు నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు గొట్టం తీసి, దాని స్థానంలో పారదర్శక గొట్టం బిగించండి. ఇది తక్కువ ప్రెషర్ గొట్టం, హై ప్రెషర్ స్టీలు పైపు కాదు. గాలి తీసి, స్టార్ట్ చేసి, టార్చిలైటు వేసి చూడండి. మొదటి నిమిషంలో నాలుగు బుడగలు పోతే పర్వాలేదు. అయిదు నిమిషాల తర్వాత కూడా వరసగా బుడగలు వస్తుంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఈ గొట్టం పరీక్షకే. దానితోనే లోడు తోలకండి.

గాలి లాగే చోట్లు ఇవి: ఎండిపోయి పగిలిన రబ్బరు గొట్టాలు, వదులైన క్లిప్పులు, ప్రైమర్ బల్బు, ఫిల్టరు రింగు, ఛాసిస్ వెంట వెళ్ళే స్టీలు పైపులో తుప్పు చిల్లులు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బళ్ళలోనూ, రొయ్యల బాక్సుల నుంచి ఉప్పు నీరు కారే బళ్ళలోనూ ఆ స్టీలు పైపుని క్లాంపుల కింద తప్పకుండా చూడండి. పైకి రంగు బాగానే ఉంటుంది, క్లాంపు తీస్తే కింద తినేసి ఉంటుంది. డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పోగలదు. అందుకే "ఎక్కడా లీకు లేదండీ" అన్నమాట ఇక్కడ చెల్లదు. ట్యాంకు నిండుగా ఉంటే బాగుండి, సగానికి దిగాక వణుకు వస్తే ట్యాంకు లోపలి పీల్చే పైపుకి మధ్యలో చిల్లు ఉందని అనుమానించండి.

తేలకపోతే క్యాన్ పరీక్ష చేయండి. ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్నీ, ట్యాంకుకి వెనక్కి వెళ్ళే రిటర్న్ గొట్టాన్నీ విప్పి, పొడుగు గొట్టాలు తగిలించి, రెండింటినీ మంచి డీజిల్ ఉన్న క్యాన్‌లో ముంచండి. క్యాన్‌ని వేడి సైలెన్సరుకి దూరంగా కట్టండి. గాలి తీసి పావుగంట నడపండి. వణుకు పోతే తప్పు ట్యాంకులోనో, దాని పైపులోనో ఉంది. నాజిళ్ళు శుభ్రంగా ఉన్నాయి, వాటి ఖర్చు మీకు మిగిలింది. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండికి మాత్రం ఈ పరీక్ష చేయకండి. అందులో లైనుకి ప్రెషర్ ఉంటుంది కాబట్టి లీకైతే డీజిల్ బయటికే కారుతుంది.

5. బ్యాటరీ, ఎర్తు, కనెక్టర్లు

బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టుల పైన, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత మీటరు ఒక కొనని బ్యాటరీ మైనస్‌కి, రెండోదాన్ని ఇంజన్ బాడీ మీద శుభ్రమైన లోహానికి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు వైరు పాడైనట్టే. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు పూసి బిగించండి. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయండి.

కామన్ రైల్‌లో ప్రతి నాజిల్ కనెక్టరూ, రైల్ ప్రెషర్ సెన్సరు కనెక్టరూ ఇంజన్ ఆపి, తాళం తీసేసి విప్పి చూడండి. పచ్చ తుప్పు కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఇంజన్ నడుస్తుండగా ఆ కనెక్టర్లు లాగకండి, వాటిలో షాక్ కొట్టేంత వోల్టేజీ వస్తుంది. ధాన్యం గోడౌన్ల పక్కన ఆగే బళ్ళలో ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి. టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

6. గాలి వైపు

ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. ఊక, ధూళి పట్టి ఉంటే మార్చండి. నల్ల పొగతో పాటు వణుకు ఉంటే ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టి తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. విప్పి మసి తీసి, కొత్త గాస్కెట్‌తో బిగించాలి. రేకు అడ్డం పెట్టి దాన్ని మూసేయమని సలహా ఇస్తారు, వద్దు. బీఎస్ 4, బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బళ్ళలో పొల్యూషన్ పరీక్ష దగ్గరా, ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) దగ్గరా ఇబ్బంది వస్తుంది.

బీఎస్ 6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తనని తాను శుభ్రపరుచుకునేటప్పుడు స్లో స్పీడు కాస్త పెరిగి శబ్దం మారుతుంది. అది జబ్బు కాదు. మధ్యలో ఇంజన్ ఆపకుండా నడపండి.

వరద రోజుల్లో నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. ఎయిర్ ఫిల్టరు తడిసి ఉంటే సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉండొచ్చు. సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్ళండి.

7. ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకోండి

మెకానికల్ పంపు ఇంజన్ అయితే, స్లోలో నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టుని అర చుట్టు వదులు చేసి మళ్ళీ బిగించండి. గుడ్డ కప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి. మంచి సిలిండర్ నట్టు వదిలితే వణుకు పెరుగుతుంది. వదిలినా ఏ మార్పూ రాని సిలిండరే దొంగ. దాని నాజిల్‌ని పక్కదానితో మార్చి చూడండి. తప్పు కూడా పక్క సిలిండర్‌కి వెళ్తే నాజిల్ పోయినట్టు. అక్కడే ఉంటే వాల్వో, కంప్రెషనో.

కామన్ రైల్‌లో ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పాత మేస్త్రీలు అలవాటుగా పానా పెట్టబోతే ఆపండి. బదులుగా మూడు దారులున్నాయి:

- తెల్లవారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాల్లో, లేజరు చుక్కతో వేడి చూపించే థర్మామీటరుతో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒక్కో కాలు వేడి చూడండి. మిగతావి వేడెక్కుతున్నా ఒకటి చల్లగా ఉంటే అదే.
- రిటర్న్ పరీక్ష: ఒక్కో నాజిల్ రిటర్న్ గొట్టాన్ని ఒక్కో చిన్న సీసాలోకి పెట్టి, మామూలు రిటర్న్ పైపు వైపు దారి మూసి, స్లోలో మూడు నిమిషాలు నడపండి. ఒక సీసా మిగతా వాటికంటే బాగా ఎక్కువ నిండితే ఆ నాజిల్ లోపల అరిగింది.
- స్కానరుతో ఒక్కో సిలిండర్‌కి ఇచ్చే డీజిల్ సవరణ చూడటం. ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే దాన్నే చూడాలి.

నాజిల్ మొదలు చుట్టూ తారులాంటి నల్ల ముద్ద పేరుకుని, చుఫ్ చుఫ్ అని శబ్దం వస్తుంటే నాజిల్ బాగానే ఉండొచ్చు, కింద రాగి వాషరు పోయి ఉంటుంది. సబ్బు నీళ్ళు పోస్తే బుడగలు వస్తాయి. పాత వాషరు తిరిగి వేయొద్దు.

8. ఫౌండేషన్ రబ్బర్లు

సైలెన్సరు శబ్దం సమంగా, పొగ లేకుండా ఉండి, క్యాబిన్ మాత్రమే ఊగుతుంటే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడండి. పగిలినా, నూనె తగిలి ఉబ్బినా మార్చాలి.

చేయకూడనివి

నాజిళ్ళు శుభ్రమవుతాయని ట్యాంకులో కిరోసిన్, పెట్రోలు కలపకండి. డీజిల్‌కి ఉన్న జిడ్డు పోయి పంపు అరుగుతుంది. గ్లో ప్లగ్గులున్న ఇంజన్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి, లోపలే పేలుతుంది. ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ఒక మెట్టు చేసి, నడిపి, ఫలితం చూసి రెండో మెట్టుకి వెళ్ళండి. లేకపోతే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

బాగుపడిందని ఎలా తెలుసుకోవాలి?

చేసిన వెంటనే సర్దుకుంటే చాలదు. ఒక రాత్రి ఆపి, పొద్దున్నే మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అవ్వాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా పది నిమిషాలు స్లోలో ఉంచండి. వేగం పడిపోతూ లేస్తూ ఉండకూడదు. చాలా పికప్‌లలో అది నిమిషానికి 750 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. అట్టముక్కతో అన్ని జాయింట్లూ చూడండి. తర్వాత లోడు వేసి ఎత్తు ఎక్కించండి. మన నేలంతా చదునే కాబట్టి చించినాడ వంతెనో, సిద్ధాంతం వంతెనో ఎక్కేటప్పుడు లాగుడు, పొగ రెండూ చూడండి. వంద కిలోమీటర్ల తర్వాత ఫిల్టరు అడుగు నుంచి మళ్ళీ సీసాలోకి పట్టండి.

ఇన్ని చూశాక కూడా తప్పు నాజిల్‌లోనే అని తేలితే డీజిల్ పంపులు, నాజిళ్ళు బాగుచేసే షాపుకి వెళ్ళండి. మీరు కనిపెట్టిన సిలిండర్ నంబరు చెప్పండి. అన్నిటినీ బెంచి మీద పెట్టి పరీక్షించి, ఒక్కోదాని రీడింగు రాసివ్వమనండి. కొత్త నాజిల్ వేస్తే చాలా కామన్ రైల్ బళ్ళలో దాని మీద ముద్రించిన కోడ్‌ని స్కానరుతో ఈసీయూలో ఎక్కించాలి. నాజిళ్ళని ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కి మార్చినా ఇదే. ఆ కోడ్ ఎక్కించకపోతే కొత్త నాజిల్‌తో కూడా వణుకు వస్తుంది. కోడ్ ఎక్కించడం మీ కళ్ళ ముందే చేయించుకుని, విప్పిన పాత నాజిళ్ళు అడిగి తీసుకుని, అప్పుడు డబ్బులు ఇవ్వండి.